సమస్యాపూరణం: "ఎగురు వీరు డెన్న డెగురలేదు"

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

ఎగురు వీరు డెన్న డెగురలేదు

గణాలు వరుసగా న, గల, గల, న, గల. పాదం మొదటి ఎకారానికి "డెగుర"లో సంధిగతమైన ఎకారంతో యతి కుదిరింది. సూపర్‌హీరో సినిమాలు, టెలివిజన్‌లో వచ్చే సైన్స్ ఫిక్షన్ ధారావాహికలు, హారర్ చిత్రాలు, కామిక్స్: వీటిలో దేని నుంచి వస్తువు తీసుకున్నా సరే. ప్రసాద్స్ సినిమా హాలు బయట నిలబడి ఏ వీరుడు గొప్పవాడని అర్ధరాత్రి దాకా వాదించుకునే మన హైదరాబాదు మిత్రులు ఆ వాదనను పద్యంలోకి తేవాలని నా కోరిక. పౌరాణిక సమస్యను పూరించేటప్పుడు ఏ పర్వంలో ఏం జరిగిందో తెలియకుండా కలం పట్టం. కామిక్స్ వీరుడి విషయంలోనూ అంతే శ్రద్ధ ఉండాలి. పాదంలో రెండు ముళ్లున్నాయి. అతడు ఎగిరే వీరుడు కావాలి, అయినా ఎన్నడూ ఎగరకుండా ఉండాలి. రెండూ విప్పిన పూరణకే పూర్తి మార్కులు.

కూకట్‌పల్లి సభ్యుడు:

గబ్బిలంపు పేరు గల వీరు డొక్కడు
తాడు పట్టి యూగి దాటు వీథి
రెక్కలున్న యట్లు రెపరెపలాడిన
నెగురు వీరు డెన్న డెగురలేదు

నిర్వాహకుడు:

ఛందస్సు నిర్దోషంగా ఉంది. మూడో పాదంలో "రెపరెప" యతిస్థానంలో సహజంగా పడింది. అన్వయం దగ్గరే ఇబ్బంది. 1939లో పుట్టిన బ్యాట్‌మ్యాన్‌కు మానవాతీత శక్తులేవీ లేవు, అతణ్ణి ఎగిరే వీరుడని అతని అభిమానులే అనరు. ఎగరనివాడు ఎగరలేదనడంలో వైరుధ్యం లేదు కనుక మొదటి ముడి విప్పకుండానే మిగిలిపోయింది.

మల్కాజిగిరి మాస్టారు:

తొలుత నతడు గెంతె దూకె మేడల మీద
మైలు నెనిమిదింట పాలు మేర
దాటువాడె గాని తారలందున తేలి
యెగురు వీరు డెన్న డెగురలేదు

1938లో జెర్రీ సీగెల్ రచనతో, జో షుస్టర్ బొమ్మలతో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో వచ్చిన సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. ఒక్క గెంతులో మైలులో ఎనిమిదో వంతు దాటగలడని, ఇరవై అంతస్తుల మేడ మీదుగా దూకగలడని ఆ సంచికలోనే రాశారు. 1940లో మొదలైన రేడియో నాటకాలు, 1941 నుంచి ఫ్లైషర్ స్టూడియో తీసిన యానిమేషన్ చిత్రాలు వచ్చాకే ఆకాశయానం అతని లక్షణంగా స్థిరపడింది.

నిర్వాహకుడు:

మాస్టారూ, వస్తువు ఎంపిక అద్భుతం. ఈ సమస్యకు ఇంతకంటే దగ్గరి చారిత్రక సత్యం దొరకదు. రెండో పాదంలో మైలు, పాలు అని వేసిన ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి) చెవికి ఇంపుగా ఉంది, లెక్క కూడా తప్పలేదు. అయితే "తొలుత" అని మొదలుపెట్టిన పద్యం "ఎన్నడు" అని ముగిసింది. తరవాతి కాలంలో ఎగిరినవాణ్ణి ఎన్నడూ ఎగరలేదంటే శ్రోత ఒప్పుకోడు. కాలాన్ని "తొలుత" అనే ఒక్క మాటకు వదిలేయకుండా, ఆ మొదటి కథనే ఆవరణగా గీసి అందులో ఎక్కడా ఎగరలేదని చెబితే చిక్కు తీరుతుంది.

మల్కాజిగిరి మాస్టారు:

మీ సూచన శిరోధార్యం. ఇది సవరించిన పూరణ.

ముప్పదెనిమిదేట మురిపించు తొలికథ
నెంత వెదకి చూడు గెంతు లుండు
మేడ దాటు గాని మిన్నంటి విహరించి
యెగురు వీరు డెన్న డెగురలేదు

నిర్వాహకుడు:

ఇప్పుడు "ఎన్నడు" ఆ కథ మేరకే పరిమితమై నిజమైంది. "నెంత", "గెంతు" ప్రాసయతి మొదటి దానికంటే ధారాళంగా ఉంది. మైలులో ఎనిమిదో వంతు పోయినందుకు మాత్రం నాకు కొంచెం విచారంగానే ఉంది, ఎందుకంటే అలాంటి కొలత పద్యంలో ఒదగడం అరుదు.

చిక్కడపల్లి విద్యార్థి:

హారర్ సినిమా మొదటి ఆటకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హాలు ఎలా ఉంటుందో దృష్టిలో పెట్టుకుని రాశాను. ఇక్కడ వీరుడు తెర మీద లేడు, ప్రేక్షకుల్లో ఉన్నాడు.

దెయ్య మొక్కసారి తెర మీద కనబడ
పక్కసీటు వారు పైకి లేచి
గుండె పట్టుకొనిరి, కూర్చున్న జనులెల్ల
యెగురు, వీరు డెన్న డెగురలేదు

నిర్వాహకుడు:

విరుపు చక్కగా కుదిరింది. విశేషణమైన "ఎగురు"ను క్రియగా మార్చి, దాన్ని ముందు పాదంలోని కర్తకు అంటగట్టడం అవధానులు తరచూ వాడే మార్గం. వ్యాకరణం మాత్రం సరిచూసుకోవాలి. "జనులెల్ల" అన్నప్పుడు క్రియ "ఎగురుదురు" కావాలి, "ఎగురు" చెల్లదు. కర్తను అమహద్వాచకం (మనుషులు కాని వాటిని చెప్పే పదం) చేస్తే చాలు: "గుండె పట్టుకొనగ కూర్చున్న హాలెల్ల యెగురు". గణాలు చెడవు, గు-కూ యతి అలాగే నిలుస్తుంది, పైగా హాలంతా ఒక్క ప్రాణిలా ఉలిక్కిపడిన చిత్రం కూడా వస్తుంది.

అల్వాల్ సభ్యుడు:

తమ్ముడూ, పద్యం నచ్చింది కానీ హారర్ అభిమానిగా ఒక మాట చెప్పాలి. ప్రేక్షకుణ్ణి ఎగిరిపడేలా చేసేది చాలాసార్లు దెయ్యం కాదు, చప్పుడు. 1942లో జాక్ టర్నర్ దర్శకత్వంలో వచ్చిన క్యాట్ పీపుల్‌లో ఒకామె చీకటి వీధిలో ఒంటరిగా నడుస్తుంటే, వెనక ఎవరో వస్తున్నారని మనం బిగుసుకుపోయి ఉన్న క్షణంలో బుస్సుమంటూ తెర మీదికి దూసుకొచ్చేది మృగం కాదు, వచ్చి ఆగిన బస్సు. ఆ చిత్ర నిర్మాత వాల్ ల్యూటన్ పేరుతోనే ఆ ఎత్తుగడ నేటికీ ప్రసిద్ధం. తొలిపాదంలో దెయ్యానికి బదులు చప్పుడును ప్రవేశపెడితే పద్యం ఇంకా నిజమవుతుంది.

నిర్వాహకుడు:

మంచి సూచన. విద్యార్థి మిత్రుడు ప్రయత్నించవచ్చు, కానీ "దెయ్య", "తెర" యతి ఎంత అందంగా పడిందో చూస్తే ఆ పాదాన్ని కదపడానికి నాకు మనసొప్పడం లేదు.

సైనిక్‌పురి సభ్యురాలు:

కుర్చిలోన నతడు కూర్చుండి చూడగ
తారలన్ని గడచి దవ్వు పోవు
నింగి లోతులందు నిలువని నౌకయే
యెగురు, వీరు డెన్న డెగురలేదు

1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన స్టార్ ట్రెక్ నాయకుణ్ణి తలచుకుని రాశాను. నక్షత్రాల మధ్య తిరిగేది అతని నౌక. గ్రహం మీద దిగాల్సి వచ్చినా అతడు ఎగిరి దిగడు, ఒకచోట మాయమై మరోచోట తేలుతాడు. వారం వారం నౌక నేల మీద దిగే దృశ్యం తీయాలంటే ఖర్చు భరించలేక నిర్మాతలు ఆ ఉపాయం కనిపెట్టారు.

నిర్వాహకుడు:

"దవ్వు పోవు" అన్న చోట ధార ఎంతో బాగుంది. నాలుగు పాదాలూ ఒకే ఊపిరిలో చదివించాయి. ఒక్క దోషమూ లేదు.

కృష్ణానగర్ సభ్యుడు:

నేను గ్రాఫిక్స్ పనిలో ఉన్నవాణ్ణి, రోజూ చూసేదే రాశాను. పచ్చతెర అంటే నటుడి వెనక కట్టే పచ్చని తెర, తరవాత దాన్ని బొమ్మలోంచి తొలగించి వేరే దృశ్యం పెడతాం.

పచ్చతెరకు ముందు పాత్రధారిని తీగ
కట్టి నిలిపినారు కదలకుండ
గాలిపంక విసర కండువా మాత్రమే
యెగురు, వీరు డెన్న డెగురలేదు

అల్వాల్ సభ్యుడు:

అన్నా, పద్యం ఘనంగా ఉంది. కానీ ఎగిరే వీరుడంటే ముందుగా గుర్తొచ్చే 1978 నాటి సూపర్‌మ్యాన్‌లో పచ్చతెర లేదు కదా? అప్పట్లో వాడింది నీలితెర. అతని దుస్తులూ నీలమే కావడంతో తెరను తొలగించబోతే ఒళ్లు కూడా తొలగిపోయే చిక్కు వచ్చింది.

కృష్ణానగర్ సభ్యుడు:

నిజమే, ఆ చిక్కే స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు జోరాన్ పెరిసిచ్ పద్ధతికి దారి తీసింది. క్రిస్టఫర్ రీవ్‌ను ఒకచోట వేలాడదీసి, వెనక తెర మీద ఆకాశాన్నీ నగరాన్నీ ముందు వైపు నుంచే ప్రొజెక్టర్‌తో వేశారు. కెమెరాకు, ప్రొజెక్టర్‌కు చెరొక జూమ్ లెన్సు బిగించి రెండూ ఒక్కసారే కదిలేలా జత చేశారు. కెమెరా దగ్గరికి లాగినంత మేరకు ప్రొజెక్టర్ బొమ్మను చిన్నది చేస్తుంది కాబట్టి మనకు వెనక నగరం ఉన్నంతే ఉంటుంది, ముందున్న మనిషి మాత్రం పెద్దవాడై మన మీదికి దూసుకొస్తున్నట్టు కనిపిస్తాడు. అతడు ఉన్నచోటి నుంచి అంగుళం కూడా కదలనక్కర్లేదు. నా రెండో పాదంలో "కదలకుండ" అన్నది అందుకే. తెర రంగు మాత్రం నేటి వాడుకను బట్టి వేశాను. అదీ దుస్తులను బట్టి మారుతుంది. 2002 నాటి స్పైడర్‌మ్యాన్ చిత్రంలో ఎరుపు, నీలం వేసుకున్న కథానాయకుణ్ణి పచ్చతెర ముందు, పచ్చగా ఉండే ప్రతినాయకుణ్ణి నీలితెర ముందు తీయాల్సి వచ్చింది.

నిర్వాహకుడు:

ఒక్క "కదలకుండ" వెనక ఇంత పని ఉందని చెప్పినందుకు కృతజ్ఞతలు. పద్యంలో ఏ పదమూ యతి కోసం వచ్చినట్టు లేదు. "కండువా" మన భుజం మీది వస్త్రమే అయినా వీరుడి వీపు మీద రెపరెపలాడే బట్టను చూసిన వెంటనే గుర్తుకు తెస్తోంది.

నల్లకుంట సభ్యురాలు:

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరుకునే దాన్ని, నా పక్షం కాగితానిదే.

గడికి గడికి నడుమ గల తెల్లచోటులో
చదువు వాని కన్ను సాగిపోవు
అచ్చుబొమ్మ యెట్టు లాకాశ మంటును
ఎగురు వీరు డెన్న డెగురలేదు

కృష్ణానగర్ సభ్యుడు:

పద్యం బాగుందమ్మా, కానీ ఇది ఏ బొమ్మకైనా చెల్లుతుంది. పరుగెత్తేవాడూ పరుగెత్తలేదు, ఏడ్చేవాడూ ఏడవలేదు. ఎగిరే వీరుడికే ప్రత్యేకమైన సంగతి ఇందులో ఏముంది?

నల్లకుంట సభ్యురాలు:

అన్నయ్యా, ఒక గడిలో అతడు మేడ అంచున ఉంటాడు, తరవాతి గడిలో మబ్బుల్లో ఉంటాడు. ఆ రెండింటి మధ్య జరిగిన ఎగురుడును ఏ చిత్రకారుడూ గీయలేదు, దాన్ని పూర్తి చేసింది చదువరి. నడక, పరుగు మనకు స్వానుభవాలు. ఎగరడం ఎవరికీ అనుభవం లేని పని, అందుకని ఆ తెల్లచోటులో చదువరి కల్పన మిగతా వాటికంటే ఎక్కువ శ్రమపడుతుంది. సినిమా ఆ పనిని మన చేతుల్లోంచి తీసుకుని తానే చేసి చూపిస్తుంది. నాకు కామిక్స్ మీద ఉన్న ప్రేమంతా ఆ తెల్లచోటు మీదే.

నిర్వాహకుడు:

తీర్పు చెబుతున్నాను. విద్యార్థి, సైనిక్‌పురి సోదరి, కృష్ణానగర్ మిత్రుడు ముగ్గురూ పాదాన్ని విరిచి "ఎగురు"ను క్రియ చేశారు. ముగ్గురిలో కృష్ణానగర్ పూరణ శ్రేష్ఠం, ఎందుకంటే అందులో వీరుడు తెర మీద ఎగిరేవాడుగానే ఉంటూ తెర వెనక కదలనివాడయ్యాడు. అయినా విరుపుతో పాదంలోని వైరుధ్యం విడిపోయింది, నిలబడలేదు. మాస్టారి సవరణలో నిలబడింది గాని ఒక్క కథకు పరిమితమైంది. నల్లకుంట సోదరి పూరణలో పాదం ఒక్క అక్షరమూ విరగకుండా, "ఎగురు వీరుడు" అలాగే ఉండగా, "ఎన్నడు" అన్నది 1938 నాటి మొదటి పుట నుంచి నిన్న అచ్చయిన పుట దాకా వర్తించింది. "చదువు", "సాగి" యతి కూడా శాస్త్రసమ్మతమే, ఎవరికైనా సందేహం ఉంటే చకార సకారాల మైత్రిని లక్షణగ్రంథాల్లో చూసుకోవచ్చు. మొదటి స్థానం ఆమెకు, రెండో స్థానం కృష్ణానగర్ మిత్రునికి.

మల్కాజిగిరి మాస్టారు:

తీర్పు సమంజసం. సోదరికి అభినందనలు. మూడో పాదం చివర ప్రశ్నార్థకం పెడితే నాలుగో పాదం దానికి జవాబుగా మరింత గట్టిగా నిలుస్తుందని మనవి.

నల్లకుంట సభ్యురాలు:

ధన్యవాదాలు మాస్టారూ, పెడుతున్నాను.

నిర్వాహకుడు:

వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను.

చావె వీరున కాయువు చాల నిచ్చె

1992లో సూపర్‌మ్యాన్‌ను చంపిన సంచికనూ, మరుసటి ఏడాది అతణ్ణి తిరిగి తెచ్చిన కథలనూ వస్తువుగా తీసుకోవచ్చు. హారర్ అభిమానులు చచ్చి లేచేవారిని ఆశ్రయించినా అభ్యంతరం లేదు. పూరణలు శనివారం రాత్రిలోగా పంపండి.