సరిహద్దుకే భరోసా లేని రాష్ట్రానికి సమాఖ్య ఏమిస్తుంది?

పెద్దలకు నమస్కారం. మాది నెల్లూరు. చెన్నై అన్నానగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. సమాఖ్య (కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకునే వ్యవస్థ) పాఠం దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను.

అమెరికాలో ముందు 13 రాష్ట్రాలు ఉన్నాయి. 1787లో రాజ్యాంగం రాసుకుని కేంద్రానికి కొన్ని అధికారాలు ఇచ్చి, మిగతావి తమ దగ్గరే ఉంచుకున్నాయి. మన దగ్గర రాష్ట్ర, ఉమ్మడి జాబితాల్లో లేని మిగిలిన అధికారాలు రాజ్యాంగం 248వ అధికరణ ప్రకారం కేంద్రానివి. ఇంతవరకు సరే.

నాకు మింగుడుపడనిది 3వ అధికరణ. రాష్ట్ర సరిహద్దును పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చొచ్చు. శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, అది ఒప్పుకోనక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. (తెలంగాణ రావడం తప్పని నా ఉద్దేశం కాదు, దయచేసి చర్చ అటు తిప్పకండి.) రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు పస్తుండి ప్రాణం విడిచింది ఈ ఊళ్లోనే, మైలాపూర్‌లో. అందుకే ఇది నాకు పరీక్షకి మించిన ప్రశ్న.

1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు సమాఖ్య లక్షణం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు సవరణతో కూడా తీసేయలేని మూలాంశాల్లో, భాగం అంది. మరి అది రాష్ట్రానికి కచ్చితంగా దేన్ని కాపాడుతుంది? న్యాయశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా ఒక ఉదాహరణతో చెప్తారా?