తమ్ముడు ఆట మానేస్తానంటున్నాడు. మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా?

వేపచెట్టు:
మా తమ్ముడికి 19. 400 మీటర్లు పరిగెడతాడు, రెండుసార్లు స్టేట్ మీట్‌కి వెళ్లొచ్చాడు. తాను గే అని పోయిన సంక్రాంతికి నా ఒక్కదానికే చెప్పాడు. ఈమధ్య హాస్టల్లో ఎవరో వాడి ఫోన్ చూశారట. అప్పట్నుంచి "తేడాగాడు" అని పిలుస్తున్నారు. స్ట్రెచింగ్‌కి జతగా ఎవరూ రావట్లేదు. మొన్న ఇంటికొచ్చి స్పైక్స్ (పరుగు పందేలకి వేసుకునే మేకుల బూట్లు) శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టి, న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఇన్నాళ్లూ అవి మంచం కిందే ఉండేవి. అమ్మానాన్నలకి మోకాలి నొప్పి అని చెప్పాడు. నాకేం చేయాలో తోచట్లేదు. ఆటల్లో ఉన్నవాళ్లు చెప్పండి.

నాలుగో లేన్:
అక్కా, ముందు ఒక మాట. వాడి తరఫున మీరు అమ్మానాన్నలకి చెప్పేయకండి. నా సంగతి మా వదిన మంచికే అనుకుని ఇంట్లో చెప్పింది. ఆర్నెల్లు ఎవరూ నా ముఖం చూసి మాట్లాడలేదు. ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది వాడిష్టం.

నేను 200 మీటర్లు పరిగెత్తేదాన్ని. నాకూ అమ్మాయిలే ఇష్టమని ఇంటర్‌లోనే తెలుసు, కానీ ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. 2019 మేలో హాస్టల్ మెస్‌లో తింటుంటే టీవీలో 100 మీటర్ల రన్నర్ ద్యుతీ చంద్ వార్త వచ్చింది. తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని ఆమె అందరికీ చెప్పేసింది. మన దేశంలో పేరున్న క్రీడాకారుల్లో అలా చెప్పిన మొదటి మనిషి ఆమే. మెస్ అంతా నిశ్శబ్దం. పప్పు వడ్డించే అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "ఈ పిల్ల మన హైదరాబాద్‌లనే ప్రాక్టీస్ చేస్తది గదా" అంది. అంతే, మళ్లీ వడ్డించడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాటకి నాకు ఊపిరాడింది. నిజమే, ఆమె కోచ్ నాగపురి రమేశ్ గారు మన తెలుగాయనే, గోపీచంద్ అకాడమీలో ఉండి శిక్షణ తీసుకుంది.

అంతకుముందు ఆమె పడింది చిన్న కష్టం కాదు. ఒడిశా జాజ్‌పూర్ జిల్లాలో చేనేత కుటుంబం. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి కొద్దిరోజుల ముందు, ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ (మగవాళ్లలో ఎక్కువుండేది) ఎక్కువుందని టీమ్ నుంచి తీసేశారు. 18 ఏళ్ల పిల్ల ఆడదా మగదా అని పేపర్లన్నీ రాశాయి. మందులతో హార్మోన్ తగ్గించుకో అంటే ఒప్పుకోలేదు. నా ఒంట్లో తప్పేం లేదని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ నిబంధననే పక్కన పెట్టించింది. మూడేళ్లకి జకార్తా ఏషియాడ్‌లో రెండు రజతాలు.

ప్రేమ సంగతి చెప్పాక సొంత ఇంట్లోనే ఎదురుగాలి. అయినా రెండు నెలలు తిరక్కుండానే నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం. 11.32 సెకన్లు. రెండో అమ్మాయికి 11.33. ఆమె పరిగెత్తింది నాలుగో లేన్‌లో. నా పేరు అక్కడిదే. ఆ వీడియో మీ తమ్ముడికి చూపించండి.

చేనుగట్టు:
అంతా బాగుంది కానీ డోపింగ్‌లో దొరికింది కదా? పిల్లలకి ఆమెను చూపించడం సరైనదేనా?

నాలుగో లేన్:
దొరికింది. 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ రోజు నేను చాలా బాధపడ్డాను, ఆ తప్పుని వెనకేసుకు రాను. కానీ 2019లో మెస్‌లో కూర్చున్న నాకు అందిన ధైర్యం దానివల్ల అబద్ధం అయిపోదండీ.

లీసెస్టర్ నుంచి:
2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ప్రారంభోత్సవానికి నేను స్టేడియంలో ఉన్నాను. బ్రిటన్ డైవర్ టామ్ డేలీ క్రీడల బ్యాటన్‌తో వచ్చాడు, చుట్టూ రంగుల జెండాలు పట్టుకున్న ఆటగాళ్లు. వాళ్లలో ద్యుతీ! 56 కామన్వెల్త్ దేశాల్లో 35 చోట్ల స్వలింగ సంబంధాలు అప్పటికీ నేరమేనని గుర్తుచేయడానికి చేశారది. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నేరం కాదంది కాబట్టి ఆ 35లో మనం లేం. నా పక్కన కూర్చున్న గుజరాతీ పెద్దావిడ లేచి చప్పట్లు కొట్టింది.

టామ్ డేలీ కథ కూడా తమ్ముడికి చెప్పు చెల్లెమ్మా. 14 ఏళ్లకే బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చిన పిల్లాడిని స్కూల్లో ఎంత ఏడిపించారంటే, చివరికి స్కూలే మారాల్సొచ్చింది. 17 ఏళ్లకి తండ్రి పోయాడు. 2013లో గే అని చెప్పాడు. స్వర్ణం వచ్చింది టోక్యోలో, నాలుగో ఒలింపిక్స్‌లో. నేను గేని, ఒలింపిక్ చాంపియన్‌ని కూడా అని ఆ రోజే గర్వంగా చెప్పాడు.

పీఈటీ మాస్టారు:
నేను ఇరవై రెండేళ్లుగా పీఈటీని. ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా దగ్గర ఒక కబడ్డీ పిల్లాడుండేవాడు. కూతకి వెళ్తే కనీసం బోనస్ లేకుండా తిరిగొచ్చేవాడు కాదు. వాడి నడక చూసి అందరి ముందూ "ఏంట్రా ఆడంగి వేషాలు" అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు, వాడూ నవ్వేవాడు. ఒకరోజు రావడం మానేశాడు. ఇంటికెళ్తే వాళ్లమ్మ, "మీ దగ్గరికి రానంటున్నాడు సార్" అంది. అది నా తప్పే.

అమ్మా, మీ తమ్ముడి ఒంట్లో పరుగు ఎక్కడికీ పోలేదు. రెండు నెలలు ఆగినా 400 వాడు మళ్లీ అందుకోగలడు. హాస్టల్ మారొచ్చు, బయట ఉండి గ్రౌండ్‌కి రావొచ్చు. కోచ్ మంచివాడైతే, తమ్ముడు సరేనంటేనే, ఏడిపిస్తున్నారన్న సంగతి మాత్రం చెప్పండి. ఎందుకు ఏడిపిస్తున్నారో చెప్పక్కర్లేదు. ఆ వేధింపు ఆపడం కోచ్ పని.

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇద్దరం మేడ మీద కూర్చుని నేపుల్స్ వీడియో చూశాం. నాలుగుసార్లు వెనక్కి తిప్పి ఆమె బ్లాక్స్ నుంచి లేచేదే చూశాడు. "అక్కా, తల ఎంతసేపు కిందే ఉంచిందో చూడు" అన్నాడు. స్పైక్స్ ఇంకా అటక మీదే ఉన్నాయి. పొద్దున ఐదింటికి మాత్రం మామూలు బూట్లు వేసుకుని కాలువ గట్టు దాకా వెళ్లొచ్చాడు. మోకాలు ఎలా ఉందిరా అని నాన్న అడిగితే పర్లేదు అన్నాడు.

మాస్టారూ, కోచ్‌తో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో మీకు మెసేజ్ చేయొచ్చా?

పీఈటీ మాస్టారు:
రాత్రి ఎనిమిది తర్వాత చేయమ్మా. తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకో.