నాలుగడుగుల అక్వేరియంలో రెండు సిక్లిడ్ జంటలు

ప్రశ్న: నా నాలుగడుగుల అక్వేరియంలో సుమారు 200 లీటర్ల నీరు పడుతుంది. అందులో సిక్లిడ్ కుటుంబానికి చెందిన చేపలు, కాన్విక్ట్ జంట ఒకటి, ఫైర్‌మౌత్ జంట ఒకటి ఉన్నాయి. కాన్విక్ట్‌లు పగిలిన పూలకుండీలో గుడ్లు పెట్టిన నాటి నుండి ఫైర్‌మౌత్‌లు హీటరు వెనుక నక్కి ఉంటున్నాయి. రెక్కలు చీలికలయ్యాయి, మేతకు కూడా రావడం లేదు. ఏం చేయమంటారు?

మొదటి జవాబు: ఫైర్‌మౌత్ ఎర్రటి గొంతు ఉబ్బించి, మొప్పలు విప్పి బెదిరించడమే ఎక్కువండీ. కాన్విక్ట్ అలా కాదు. చిన్నదే అయినా, పిల్లలున్నప్పుడు తనకంటే పెద్ద చేపను సైతం తరిమికొడుతుంది. ఆడ, మగ రెండూ కాపలా కాస్తాయి కనుక అక్వేరియంలో అధిక భాగం వాటి సొంతమైపోతుంది. గుడ్లు తీసేసి లాభం లేదు, కొద్ది వారాల్లోనే మళ్లీ పెడతాయి. ముందుగా మధ్యలో అడ్డుపలక పెట్టండి.

రెండవ జవాబు: పలక తాత్కాలికమే. రాళ్లను ఎత్తుగా పేర్చి, ఒక కొస నుండి మరొక కొస కనబడకుండా చేసి, రెండు వైపులా గుహలు ఏర్పాటు చేస్తే కొంత ఊరట దొరుకుతుంది గానీ, నా మటుకు నేను ఆరడుగుల తొట్టె లేకుండా రెండు జంటలను కలిపి ఉంచను.

అడిగినవారు: నిన్న పలక పెట్టాను. సాయంత్రానికి ఆడ ఫైర్‌మౌత్ బయటికి వచ్చి నాలుగు పెల్లెట్లు తిన్నది. మగది ఇంకా హీటరు వెనుకే ఉంది.