బ్రాడీపేటలో తాతయ్య కట్టిన మిద్దె: అరుగులు ఉంచాలా, కొట్టేయాలా?

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత మిద్దె. గానుగ సున్నం గోడలు, టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు కప్పు (మద్రాసు టెర్రస్), వీధివైపు రెండు అరుగులు. మా లైనులో ఇలాంటివి ఇంకో మూడే మిగిలాయి, తక్కినవన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి ఇప్పుడు మా గడప కంటే జానెడు పైనుంది. గట్టి వాన పడితే నీళ్ళు వసారాలోకి వచ్చేస్తున్నాయి. పైగా నాన్నగారు సిమెంటు పూయించిన గోడలు కింద నడుమెత్తు దాకా పెచ్చులూడుతున్నాయి. అరుగులు తీసేసి, ముందు గోడకి టైల్సు, అద్దాలు పెడితే వీధికి తగ్గట్టు ఉంటుందని మేస్త్రీ అంటున్నాడు. సాయంత్రమైతే అమ్మ కూర్చునేది ఆ అరుగు మీదే. ట్యూషన్లకెళ్ళే పిల్లలంతా ఆవిడను పలకరించే పోతారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదండీ. ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ వన్‌టౌన్ నుంచి):
బాబూ, ముందు ఆ సిమెంటు తీయించు. మా ఇంట్లో ఇదే తప్పు చేసి రెండుసార్లు డబ్బు పోసుకున్నాం. నేలలోంచి ఎక్కే చెమ్మను సున్నం గోడ బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆపేస్తుంది, అందుకే ఉప్పు తేలి పెచ్చులు లేస్తాయి. గోడను ఒక వేసవంతా ఆరనిచ్చి మళ్ళీ సున్నమే పూయించు, పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు. పాత గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళలో సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే పని తెలిసినవాళ్ళు దొరుకుతారు.

లోపల మట్టి పోసి నేల లేపమంటారు, తొందరపడకు. మట్టి ఎంత ఎత్తు పోస్తే చెమ్మ గోడలో అంత పైకెక్కుతుంది, గుమ్మాలు కూడా పొట్టివైపోతాయి. అరుగు ముందు జాలీ మూతతో కాలువ తీయించి, నీళ్ళు వీధి కాలువలోకి పోయేలా వాటం చూసుకో. అది కుదరకపోతేనే గడప ఎత్తించు.

దూలాలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. పుచ్చడం అక్కడే మొదలవుతుంది. ఇంజనీరు చూశాకే ఖర్చు మాట్లాడు. ఇక టైల్సంటావా, పక్కవాళ్ళవి చూసి నీ గోడకి అతికిస్తే ఆ వీధికి ఒరిగేదేమీ లేదు. ఆ మిగిలిన మూడిళ్ళకీ మీదే జత.

జవాబు (అరండల్‌పేట):
పక్కన అపార్ట్‌మెంటు లేచే సూచన ఉంటే, పునాది తవ్వకముందే మీ గోడలన్నీ తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. మాకు బీటలు వచ్చాక ముందు నుంచీ ఉన్నవేనన్నారు. మా దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. నిన్న చూశాం. వంటింటి వైపు రెండు దూలాల చివర్లు మెత్తబడ్డాయి, తక్కినవి గట్టిగానే ఉన్నాయి. ఇంజనీరు ఆదివారం వస్తానన్నారు. అరుగులు తీయడం లేదని అమ్మకి చెప్పాను. అయితే ఎడమవైపు పగిలిన కడప రాయి మార్పించమంది.