కార్లాఫ్ రాక్షసుడి మీద మీకు జాలి ఎక్కడ మొదలైంది?

రెండోఆట:
బోరిస్ కార్లాఫ్ రాక్షసుడిగా వేసిన 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టీన్’ సినిమాను మొన్న శనివారం రాత్రి మా తొమ్మిదేళ్ళ అమ్మాయితో కలిసి చూశాను. భయపడితే వెంటనే ఆపేద్దామని రిమోట్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. భయపడలేదు సరికదా, చెరువు సన్నివేశం అయ్యాక ఏడుపు ముఖం పెట్టి, “వాడికి తెలియదు కదా నాన్నా, ఎందుకు తరుముతున్నారు?” అంది.

నాకు మాత్రం జాలి అంతకు చాలా ముందే మొదలైంది. చీకటి గదిలో కుర్చీలో కూర్చున్న వాడి నెత్తిమీద, శవాల ముక్కలతో వాణ్ణి తయారు చేసిన శాస్త్రవేత్త హెన్రీ పైకప్పు కిటికీ తెరుస్తాడు. పుట్టిన తర్వాత వాడు వెలుగు చూడటం అదే మొదలు. ముఖం మెల్లగా పైకి లేస్తుంది. తర్వాత మనిషి లేస్తాడు. రెండు చేతులూ చాచి ఆ వెలుగును పట్టుకోబోతాడు. అంతలో కిటికీ మూసేస్తారు. చేతులు మాత్రం దిగవు. వాటినే హెన్రీ వైపు తిప్పి అడుగుతాడు. ఏమి అడుగుతున్నాడో వాడికీ తెలియదు. అప్పుడే హెన్రీ సహాయకుడు ఫ్రిట్జ్ కాగడా పట్టుకుని లోపలికి వస్తాడు. వెలుగు అడిగిన వాడికి నిప్పు చూపించారు!

మీకు ఎక్కడ మొదలైందో చెప్పండి.

పాతరీలు:
నాకూ ఆ కిటికీ దగ్గరే. ఇంకో సంగతి గమనించారా? టైటిళ్ళ దగ్గర తప్ప సినిమా మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. మన సినిమాలలో అయితే ఆ చేతులు లేవగానే వయొలిన్ మొదలై, “ఇక్కడ జాలిపడండి” అని చెప్పేది. ఇక్కడ అలాంటి సాయం లేదు. అడుగుల చప్పుడు, ఒక మూలుగు, అంతే.

ఆ నటుడి పేరు మొదటి టైటిళ్ళలో కూడా వెయ్యలేదు. పాత్ర పేరు ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. చివరి టైటిళ్ళలోనే బోరిస్ కార్లాఫ్ అని పడుతుంది. అప్పటికి ఆయనకు దాదాపు 44 ఏళ్ళు, ఎన్నో సినిమాలలో చిన్నాచితకా వేషాలు వేశాడు. కూలిపని చేశాడు, లారీ నడిపాడు.

రంగుడబ్బా:
నేను పరిషత్తు నాటకాలకు ఇరవై ఏళ్ళుగా మేకప్ చేస్తున్నాను, కాబట్టి నా జాలి అద్దం ముందు మొదలవుతుంది. ఆ సినిమాకు మేకప్ చేసిన జాక్ పియర్స్ ఆ ముఖం తయారు చెయ్యడానికి రోజుకు దాదాపు నాలుగు గంటలు పట్టేది. దూదిని జిగురు మందుతో పొరలు పొరలుగా అంటించి నుదురు పెంచాడు. చేతులు పొడవుగా కనిపించాలని కోటు చేతులు పొట్టిగా కత్తిరించాడు. ముఖానికి వేసింది ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, నలుపు తెలుపు ఫిల్ము మీద శవంలా పాలిపోయి కనిపించడానికి.

ఇదంతా పియర్స్ పనితనం. కార్లాఫ్ సొంతంగా చేర్చినవి రెండు. తన కళ్ళు మరీ చురుగ్గా ఉన్నాయి, అప్పుడే పుట్టిన ప్రాణికి అంత తెలివి కనబడకూడదని, రెప్పల మీద మైనం పెట్టించుకున్నాడు. నోట్లో కట్టుడు పళ్ళు ఉంటే తీసేసి, ఒక బుగ్గ లోపలికి పోయేలా చేశాడు.

దీని విలువ నాకు ఒక భీముడి వల్ల తెలిసింది. దవడలు బలంగా కనిపించాలని మా భీముడికి రెండు బుగ్గలకూ దూది అంటించాను. రెండో అంకానికి చెమటకు ఒక బుగ్గ మీసం దాకా జారింది. జనం నవ్వారు. ముఖం కదలకపోయేసరికి ఆయన గొంతు పెంచాడు, కళ్ళు ఉరిమాడు, గద తిప్పాడు. ముఖం మీద బరువు పడితే ఎవరైనా అదే చేస్తారు. కార్లాఫ్‌కు గొంతు లేదు, కళ్ళు సగం మూతపడ్డాయి. చేతులే మిగిలాయి. ఒకసారి శబ్దం ఆపేసి ఆ చేతులను మాత్రమే చూడండి.

నవలపిచ్చి:
అందరూ తిట్టినా సరే, నాకు సినిమాలో వాడి మీద కలిగిన జాలి కొంచెం చవకబారుదనిపిస్తుంది. మేరీ షెల్లీ 1818 నవలలో ఆ ప్రాణి గోడ సందులోంచి ఒక కుటుంబం మాటలు విని భాష నేర్చుకుంటాడు, మహాకవి మిల్టన్‌ను చదువుతాడు, తన సృష్టికర్తను ఎదురుగా నిలబెట్టి న్యాయం అడుగుతాడు. అదే ప్రాణి చిన్న పిల్లవాడు విలియమ్‌ను గొంతు నులిమి చంపుతాడు. ఏ కుటుంబం వాడో తెలిసే చంపుతాడు. అలాంటి వాడి మీద జాలిపడటం కష్టం, అందుకే దానికి విలువ. సినిమాలో మాటలు తీసేసి, ఆ హత్యను ప్రమాదంగా మార్చి, పెద్ద శరీరంలో పసివాణ్ణి మన ఒళ్ళో కూర్చోబెట్టారు. పసివాడి మీద ఎవరైనా జాలిపడతారు.

నిశాచరి:
నవలపిచ్చి గారూ, సినిమాలో వాణ్ణి పసివాడిగా రాశారని అనుకుంటున్నారు. రాయలేదు. ఫ్రిట్జ్ మంచి మెదడున్న జాడీని జారవిడిచి, నేరస్థుడి మెదడున్న జాడీ తెస్తాడు. కథ ప్రకారం వాడు పుట్టుకతోనే చెడ్డవాడు, ఆ సంగతి హెన్రీ గురువు డాక్టర్ వాల్డ్‌మన్ నోటితో చెప్పిస్తారు కూడా. ఇక మనం వాణ్ణి చూసి భయపడటమే మిగిలింది.

కార్లాఫ్ ఆ జాడీ సంగతి వినలేదన్నట్టు నటించాడు. ఆ ముఖంలో నేరస్థుడు ఎక్కడైనా కనిపించాడా? కొరడా దెబ్బ పడ్డాక కోపం వస్తుంది, నిప్పు చూశాక భయం వస్తుంది. కథ ఒకటి చెబుతుంటే నటుడు ఇంకొకటి చేశాడు. మనం నటుణ్ణి నమ్మాం. దీన్ని చవకబారు అంటే నేను ఒప్పుకోను.

పాతరీలు:
నిశాచరి గారి మాటకు ఒక చిన్న సవరణ. దర్శకుడు జేమ్స్ వేల్‌కూ వాటా ఇవ్వాలి. కిటికీ తెరిపించింది ఆయనే కదా.

ఊరిచివర:
చెరువు సన్నివేశం మీద నాకు ముప్పై ఏళ్ళ పాత బాకీ ఉంది.

హాస్టలులో ఉన్నప్పుడు ఎవరో తెచ్చిన అరిగిపోయిన వీడియో క్యాసెట్‌లో మొదటిసారి చూశాను. పాప, రాక్షసుడు నీళ్ళలోకి పూలు విసురుతుంటారు. పూలు అయిపోతాయి. వాడు పాప వైపు చేతులు చాస్తాడు. అక్కడ బొమ్మ తెగిపోయింది. తర్వాత తండ్రి తడిసిన పాపను చేతుల మీద మోసుకుని ఊళ్ళోకి వస్తాడు. మధ్యలో ఏమి జరిగిందో మా గదిలో ఎవరూ పైకి అనలేదు కానీ, అందరం ఘోరమైనదే ఊహించుకున్నాం. వాడంటే అసహ్యం వేసింది.

తర్వాత తెలిసింది, ఆ ముక్క 1930లలోనే సెన్సారు పాలయిందని. 1980లలో గాని మళ్ళీ అతికించలేదు. పూర్తి ప్రతి నేను చూసేసరికి ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయిపోయాయి. పూలు తేలాయి కాబట్టి పాప కూడా తేలుతుందని నీళ్ళలోకి వేస్తాడు. తేలదు. నీటిమీద తడుముతాడు, ఏమీ దొరకక కంగారుగా తూలుకుంటూ వెళ్ళిపోతాడు. అంతకు ఒక్క నిమిషం ముందు ఆ పాప పువ్వు ఇస్తే ఎలా నవ్వాడు! పిల్లలను కాపాడదామని కత్తెర వేసినవారు, వాడు చెయ్యని పాపాన్ని వాడికి అంటగట్టారు. అన్నేళ్ళు వాణ్ణి అసహ్యించుకున్నందుకు నాకు నిజంగానే సిగ్గేసింది.

పాపను అలా విసరడం కార్లాఫ్‌కు ఇష్టం లేదట. పువ్వును పెట్టినట్టు మెల్లగా నీటిమీద పెడదామన్నాడట. వేల్ ఒప్పుకోలేదు. నా ఓటు వేల్‌కే. మెల్లగా పెడితే ఆలోచించి చేసినట్టు ఉండేది. విసరడం ఆటలో భాగం.

సముద్రతీరం:
ఇది ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా తమ్ముడికి మాటలు రాలేదు. పద్నాలుగేళ్ళకే ఆరడుగులు. పక్కింటి పాప వాడికి బిస్కెట్టు ఇస్తే, సంతోషం పట్టలేక రెండు చేతులతో ఎత్తుకున్నాడు. వాళ్ళమ్మ పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. వాడు పాపను జాగ్రత్తగా అరుగు మీద దింపి, తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు, వాటికి ఏమైనా అంటుకుందా అన్నట్టు.

నాకు జాలి ఎక్కడ మొదలైందంటే, చెరువు గట్టు మీద కార్లాఫ్ చేతులు చూసినప్పుడు. సినిమా అక్కడ ఆపి, కాసేపు బయట కూర్చున్నాను.

ఆయనకూ చిన్నప్పుడు నత్తి ఉండేదని ఎక్కడో చదివాను. దానికీ దీనికీ సంబంధం ఉందని అనను. చెప్పాలనిపించింది.

రంగుడబ్బా:
రాసి మంచిపని చేశారు.

నవలపిచ్చి:
సముద్రతీరం గారూ, మీ టపా చదివాక నా ‘చవకబారు’ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నవల మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

1935లో వచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’ చూడనివారు తప్పక చూడండి. అడవిలో గుడ్డి ముసలాయన వయొలిన్ వాయిస్తుంటాడు, వీడు ఆ పాట పట్టుకుని గుడిసెకు వస్తాడు. రూపం కనబడదు కాబట్టి ముసలాయన అతిథిని ఆదరించినట్టే ఆదరించి, రొట్టె పెట్టి, మాటలు నేర్పుతాడు. నవలలో ఆ కుటుంబపు గుడ్డి పెద్దాయన డి లేసీకి ఈయన చుట్టం. రాక్షసుడికి మాటలు పెట్టవద్దని కార్లాఫ్ గట్టిగా వాదించాడు. ఆ ఒక్క సన్నివేశం కోసం ఆయన ఓడిపోవడమే మేలయింది. మిగతా చోట్ల ఆయన మాటే నిజం.

రంగుడబ్బా:
అందులో ముఖం కాస్త నిండుగా ఉంటుంది చూడండి. మాట్లాడాలంటే పళ్ళు తియ్యడం కుదరలేదు. బుగ్గ గుంట పోయింది. నాకు ఆ గుంటే కావాలి.

పాతరీలు:
కొత్తవారి కోసం: కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, 1887లో లండన్‌లో పుట్టాడు. తండ్రి భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వపు ఉప్పు శాఖలో పనిచేశాడు. కుటుంబంలో భారతీయ రక్తం కూడా ఉంది. చూసేవారు పొడవు ఏడడుగులు అనుకుంటారు కానీ, ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. మిగతాది బూట్ల ఎత్తూ పియర్స్ మాయా. రాక్షసుడి బాధ పిల్లలకే బాగా అర్థమైందని, వాడి మీద జాలితో తనకు ఉత్తరాలు రాసేవారని ఆయనే చెప్పేవాడు. రెండోఆట గారి అమ్మాయి ఆ వరసలోదే.

రెండోఆట:
ఆ అమ్మాయికి ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. నీళ్ళలో వేసిన పాప నిజంగా బయటికి వచ్చిందా అని రోజూ అడుగుతోంది.

ఊరిచివర:
వచ్చిందని చెప్పండి. ఆ పాప మేరిలిన్ హ్యారిస్. కార్లాఫ్ పూర్తి వేషంలో ఉన్నా భయపడకుండా, ఆయన చెయ్యి పట్టుకుని అదే కారులో షూటింగ్‌కు వెళ్ళింది. మొదటిసారి విసిరినది సరిగ్గా కుదరలేదు. ఇంకోసారి నీళ్ళలో పడితే ఏం కావాలంటే అది ఇస్తానన్నాడు వేల్. ఆ పిల్ల డజను ఉడికించిన కోడిగుడ్లు అడిగింది. ఆయన రెండు డజన్లు ఇచ్చాడట.

రెండోఆట:
చెప్పాను. కాసేపు ఆలోచించి, “మరి రాక్షసుడికి ఎన్ని ఇచ్చారు?” అంది.