సమస్యాపూరణం: "రెండు రెండు కలిసి రెండె యయ్యె"

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈసారి సమస్య ఇది.

రెండు రెండు కలిసి రెండె యయ్యె

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, యతి 'రెం'తో 'రెం'. విషయం రేడియో కంట్రోల్ విమానాల్లో లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాకులను సిరీస్‌లో (ఒకదాని పాజిటివ్, అంటే ఎరుపు తీగను, ఇంకొకదాని నెగెటివ్, అంటే నలుపు తీగకు) కలపడం. చిన్నపిల్లల లెక్కకే అందని ఈ మాటను నిజం చేసి చూపాలి. ఒక్క షరతు: మీ పద్యం చదివి ఎవరైనా అలాగే తీగలు కలిపితే వాళ్లకు ప్రమాదం రాకూడదు. అందుకే గణయతులతో పాటు వోల్టులు, ఆంపియర్లు కూడా సరిచూస్తాను.

గగనవిహారి:

ఆంపియర్ల గంట లవి రెండు, మఱి రెండు
వరుస గట్ట వోల్టు వాసి హెచ్చె
కొలిచి చూడ లోని కొలత మారక నిల్చె
రెండు రెండు కలిసి రెండె యయ్యె

నిర్వాహకుడు:
గగనవిహారి గారూ, శుభారంభం. గణాలు, యతులు అన్నీ కుదిరాయి. విషయం కూడా సూటిగా వచ్చింది. 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే 2 ఆంపియర్ల గంటలు) ప్యాకులు రెండింటిని సిరీస్‌లో కలిపితే వోల్టేజి రెట్టింపవుతుంది, సామర్థ్యం మాత్రం 2000 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. ఒకే కరెంటు రెండు ప్యాకుల గుండా వెళుతుంది కాబట్టి రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి. 'కొలత మారక నిల్చె' అన్న మాట నాకు చాలా నచ్చింది.

తీగలమిత్ర:
గగనవిహారి గారి పద్యం బాగుంది. ఒక సందేహం. రెండు ప్యాకులు మోస్తున్నాం, బరువు రెట్టింపయింది. సామర్థ్యం పెరగకపోతే ఆ రెండో ప్యాకులోని శక్తి ఎటు పోయినట్టు?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. శక్తిని వాట్-అవర్లలో చూడాలి. 2ఎస్ ప్యాకు అంటే రెండు సెల్లులు సిరీస్‌లో ఉన్నది, 7.4 వోల్టులు. దాన్ని 2 ఆంపియర్-అవర్లతో గుణిస్తే 14.8 వాట్-అవర్లు. సిరీస్‌లో 14.8 వోల్టులు, 2 ఆంపియర్-అవర్లు: 29.6 వాట్-అవర్లు. పారలల్‌లో (ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపితే) 7.4 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు: మళ్లీ 29.6. శక్తి ఎక్కడికీ పోలేదు, వోల్టు రూపంలో వస్తోంది.

లాభం తీగల్లో కనిపిస్తుంది. మోటారుకు 300 వాట్లు కావాలంటే 7.4 వోల్టుల దగ్గర సుమారు 40 ఆంపియర్లు లాగాలి, 14.8 దగ్గర 20 చాలు. తీగల్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే మోటారు, ప్రొపెల్లరు పాతవే ఉంచి వోల్టేజి ఒక్కటే పెంచితే ఈ లెక్క పనిచేయదు. ప్రొపెల్లరు తీసుకునే పవర్ దాని వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, మోటారు కాలిపోతుంది. కేవీ (ఒక్కో వోల్టుకు మోటారు ఎంత వేగంగా తిరుగుతుందన్న లెక్క) సగమున్న మోటారు వేసుకోవాలి, లేదా ప్రొపెల్లరు బాగా తగ్గించాలి. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) మీద 4ఎస్ అని రాసి ఉందో లేదో ముందు చూసుకోవాలి.

తీగలమిత్ర:
ధన్యవాదాలండీ. నా పూరణ.

ఎరుపు నలుపు తీగ లిచట రెండును రెండు
నడుమ నెరుపు నలుపు నతికినంత
చివర నెరుపు నలుపు చెరియొకటి మిగిలె
రెండు రెండు కలిసి రెండె యయ్యె

నిర్వాహకుడు:
ఇది నేను ఊహించని దారి! నాలుగు తీగల్లో మధ్యవి రెండూ ఒకదానికొకటి కలిసిపోతే ఈఎస్‌సీకి వెళ్లేవి రెండే. సిరీస్ హార్నెస్ (ప్యాకులను కలిపే తీగల అమరిక) బొమ్మ గీసినట్టు ఉంది పద్యం.

రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. 'నలుపును + అతికినంత' అన్నచోట ఆ నకారం ద్రుతానిది. యతి లోపలి అచ్చుకు చెల్లాలి గాని నకారానికి కాదు. 'నడుమ'కు 'అ'తో మైత్రి లేదు. ఇలా మార్చి చూడండి:

నడుమ నెరుపు వచ్చి నలుపు గలియ

ఇక్కడ 'నలుపు'లో నకారం దాని సొంతం, కాబట్టి ఇబ్బంది లేదు. ఏ ప్యాకు ఎరుపు ఏ ప్యాకు నలుపుకు వెళ్లాలన్నది పద్యంలో చెప్పలేదని ఎవరైనా అనవచ్చు. నా దృష్టిలో అది లోపం కాదు, ఎటు నుంచి ఎటు కలిపినా ఫలితం ఒకటే. ఒకే ప్యాకు ఎరుపును దాని నలుపుకే తగిలిస్తే మాత్రం షార్ట్.

తీగలమిత్ర:
సవరణ శిరోధార్యం. ద్రుతం దగ్గర ఎప్పుడూ పొరపడుతుంటాను.

రెక్కలగుర్రం:

ఎరుపు కెరుపు, నలుపు కిటు నలుపును గూర్చ
పక్క పక్కనుండు బంధమయ్యె
సెల్లు లెన్ని యున్న జేరునా వోల్టేజి
రెండు రెండు కలిసి రెండె యయ్యె

నిర్వాహకుడు:
2ఎస్, 2ఎస్ పారలల్‌లో పడితే 2ఎస్ గానే ఉంటుందన్న భావం. నిర్దోషమైన పద్యం. పారలల్ తీగ, సిరీస్ తీగ చేతిలో పట్టుకుంటే ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చెప్పవలసిన విషయమే. ఈఎస్‌సీకి తగిలించేముందు మల్టీమీటరు పెట్టండి. నిండా చార్జి చేసిన ప్యాకులైతే 16.8 చూపాలి. 8.4 చూపిందంటే మీ చేతిలో ఉన్నది పారలల్ తీగ.

నింగిచూపు:

కొత్త దాని తోడ గూర్చిన పాతది
పైకి లేచు వేళ పట్టు సడలె
నాల్గు సెల్లులందు నలిగిపోగా రెండు
రెండు రెండు కలిసి రెండె యయ్యె

నిర్వాహకుడు:
నింగిచూపు గారూ, ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. మొదటి పాదంలో 'కొ'కు 'గూ' యతి చక్కగా కుదిరింది. 'పైకి లేచు వేళ' అనడంలో అనుభవం కనిపిస్తోంది. మోటారు ఎక్కువ కరెంటు లాగేది అప్పుడే, పాత ప్యాకు బలహీనత బయటపడేదీ అప్పుడే.

దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఈఎస్‌సీ చూసేది మొత్తం వోల్టేజినే, ఒక్కో సెల్లును కాదు. సెల్లుకు 3.2 వోల్టుల చొప్పున కటాఫ్ (మోటారును ఆపేసే హద్దు) పెట్టుకున్నామనుకోండి, 4ఎస్‌కు 12.8. కొత్త ప్యాకు సెల్లులు 3.6 దగ్గర నిలబడి, పాతవి 2.8కి పడిపోయినా మొత్తం 7.2, 5.6 కలిసి సరిగ్గా 12.8. అంటే కటాఫ్ పనిచేసే సమయానికే పాత సెల్లులు దిగకూడని చోటుకు దిగిపోయాయి. ఒక్క సెల్లే బలహీనమైతే ఇంకా ఘోరం: మిగతా మూడూ 3.4 దగ్గర ఉంటే ఆ ఒక్కటి 2.6కి పడిపోయి ఉంటుంది. అక్కడితో ఆపకుండా ఇంకా లాగితే, మిగతా సెల్లులు ఖాళీ సెల్లు గుండా కరెంటును తోస్తూనే ఉంటాయి, దాని ధ్రువాలు తారుమారవుతాయి. అలా దెబ్బతిన్న సెల్లు ఉబ్బుతుంది. తర్వాత చార్జి చేసేటప్పుడు అంటుకునే ప్రమాదం ఉంది.

నింగిచూపు:
ధన్యవాదాలు గురువుగారూ. మరి పాత ప్యాకులన్నీ పక్కన పడేయాల్సిందేనా? ముందే తెలుసుకునే మార్గం ఉందా?

నిర్వాహకుడు:
పడేయనక్కరలేదు, జత కుదరాలి. ఒకే సామర్థ్యం, ఒకే సి రేటింగ్ (ఎంత కరెంటు ఇవ్వగలదన్న కొలత), ఒకే వయసు ఉన్నవి రెండు తీసుకుని, మొదటి నుంచీ జతగానే వాడి, వాడిన ప్రతిసారీ రెండింటినీ చార్జి చేయండి. చార్జర్లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపే సదుపాయం ఉంటే సెల్లు సెల్లుకూ చూడండి. ఉదాహరణకు ఒక సెల్లు 4 మిల్లీ ఓములు, ఇంకొకటి 12 అయితే, 20 ఆంపియర్ల దగ్గర మొదటిది 0.08 వోల్టు పడితే రెండోది 0.24 పడుతుంది. అలాంటి రెండింటినీ ఒక వరుసలో పెట్టకండి. గాల్లో ఉన్నప్పుడు తెలియాలంటే ప్రతి ప్యాకు బ్యాలెన్స్ ప్లగ్గుకూ (ఒక్కో సెల్లు వోల్టేజి విడిగా అందే చిన్న ప్లగ్గు) విడిగా ఒక సెల్ అలారం తగిలించండి.

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

దిగిన వెంట విప్పి తీగలు విడదీసి
విడివిడిగా నింప వెలితి తీరె
మరల నెగురు వేళ మళ్ళి వరుస గట్ట
రెండు రెండు కలిసి రెండె యయ్యె

నిర్వాహకుడు:
స్వాగతం. మొదటి పద్యమే ఇంత పొందికగా వచ్చినందుకు సంతోషం. రెండో పాదంలో 'విడివి' తర్వాత 'డిగా' లఘువు, గురువు అయి గణం తప్పింది. 'విడివిడిగను' అంటే సరిపోతుంది. మూడో పాదంలో 'మరల' ఉండగా 'మళ్ళి' పునరుక్తి. 'మార్చి' అనండి, యతి కూడా నిలుస్తుంది.

విషయంలో మాత్రం మీ పద్యానికి వంక పెట్టలేం. వరుస విప్పకుండానే రెండు ప్యాకులను రెండు చార్జర్లకు తగిలించేవాళ్లు ఉన్నారు. ఆ చార్జర్లు ఒకే పవర్ సప్లై మీద ఉండి లోపల నెగెటివ్ ఉమ్మడిగా ఉంటే, పై ప్యాకు నెగెటివ్, కింది ప్యాకు నెగెటివ్ ఒకటైపోతాయి. పై ప్యాకు నెగెటివ్ అంటే కింది ప్యాకు పాజిటివే కదా! కింది ప్యాకు షార్టయి బ్యాలెన్స్ తీగలు క్షణాల్లో మాడిపోతాయి. 'విప్పి' అన్న మీ మాటలోనే జాగ్రత్త అంతా ఉంది.

గగనవిహారి:
చివరగా ఒక సందేహం. 2ఎస్‌కు 3ఎస్ కలపవచ్చా? కుదరదని చాలామంది అంటారు.

నిర్వాహకుడు:
నిరభ్యంతరంగా కలపవచ్చు. సామర్థ్యం, సి రేటింగ్, వయసు ఒకటైతే సెల్లుల సంఖ్య వేరైనా ఫర్వాలేదు. 5ఎస్ అవుతుంది, నామమాత్రపు వోల్టేజి 18.5, నిండితే 21. కలపకూడనిది 2200 ఎంఏహెచ్‌కు 1300. చిన్నది ముందు ఖాళీ అయి, నింగిచూపు గారి పద్యంలోని పాత ప్యాకు గతే పడుతుంది. 2200, 1300 మీద ఎవరైనా ఇదే సమస్యకు పూరణ రాయగలిగితే పంపండి, తప్పక చూస్తాను.