బోజొలే నూవో పండగ: బోజొలేకి మేలా, చేటా?

రాతినేల (చర్చ మొదలుపెట్టినవారు)

నవంబర్ మూడో గురువారం దగ్గరపడుతోంది, ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతం ఆ ఏడాది పంటతో చేసిన కొత్త వైన్ 'నూవో'ని విడుదల చేసే రోజు. మళ్లీ అదే సందడి. బోజూ ఊళ్లో అర్ధరాత్రి ఎండు ద్రాక్ష కొమ్మల దివిటీల ఊరేగింపు, పీపాలకు కుళాయిలు, "బోజొలే నూవో వచ్చేసింది" అన్న పోస్టర్లు. నా వాదన సూటిగా చెప్తాను: ఈ తంతు ఆగితే తప్ప ఆ ప్రాంతం బాగుపడదు. ఉత్తరాన గ్రానైట్ నేలల మీద పది క్రూలున్నాయి, అంటే తమ సొంత పేరుతోనే వైన్ అమ్ముకునే మేలైన తావులు. వాటిలో మోర్గన్, మూలాన్ ఆ వాన్ మంచి ఏడాదివైతే పదేళ్లు హాయిగా నిలవుంటాయి. అయినా బోజొలే అనగానే జనానికి తట్టేది అరటిపండు వాసన కొట్టే పల్చటి వైనే. 1992లో, అమ్మకాలు శిఖరాన ఉన్నప్పుడు, ఆ ప్రాంతపు వైన్‌లో సగానికి పైగా నూవోగానే పోయింది. మోజు తగ్గాక, 2001లో, పది లక్షల కేసులకు పైగా సరుకు కొనేవాళ్లు లేక డిస్టిలరీల పాలైంది, పారబోతల పాలైంది. కోత కోసిన రెండున్నర నెలలకే సీసాలో పడే వైన్‌కి పండగేంటండీ?

పీపాల పంతులు

రాతినేల గారూ, అరటిపండు నేరాన్ని తొందరపాటు మీద మోపకండి. ఆ వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే రసాయనానిది. అది ఎక్కువగా 71బి లాంటి ఎంపిక చేసిన ఈస్ట్ వల్ల, రసాన్ని చల్లగా పులియబెట్టడం వల్ల వస్తుంది. నూవో తయారీ పద్ధతి కార్బానిక్ మాసరేషన్, అంటే ద్రాక్షను చితక్కుండా గాలి లేని ట్యాంకులో పులియబెట్టడం. దాని సొంత వాసన వేరు: స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ తరహా. దానికి కారణం ఇథైల్ సిన్నమేట్.

పద్ధతి సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది. చేత్తో కోసిన గామే (అక్కడి ద్రాక్ష రకం) గుత్తులు చితక్కుండా, తొడిమలతో సహా ట్యాంకులోకి దించాలి. బరువుకి అడుగున కొంత చితికి, ఆ రసం పులిసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ట్యాంకంతా నిండుతుంది. గాలి ఆడని ఆ వాతావరణంలో పైనున్న చితకని పండు లోపల ఈస్ట్‌తో పని లేకుండా ఎంజైములే పని మొదలుపెడతాయి: దాదాపు 2 శాతం ఆల్కహాల్ పుడుతుంది, మాలిక్ ఆమ్లంలో సగం దాకా తగ్గుతుంది, రంగు తొక్కలోంచి గుజ్జులోకి దిగుతుంది. ఉష్ణోగ్రత 28 నుంచి 32 డిగ్రీలు. నూవోకి నాలుగైదు రోజులు, క్రూలకు పది రోజులూ ఆపైన. తరవాత ప్రెస్, అంటే గుత్తుల్ని పిండడం. అప్పుడు కారే గులాబీ రంగు రసం ఇంకా తియ్యగానే ఉంటుంది, అక్కడివాళ్లు దాన్ని 'పారడీ' అంటారు. మామూలు రెడ్ వైన్‌లో ప్రెస్ రసం మోటు సరుకు, ఇక్కడ సువాసనంతా అందులోనే. మిగిలిన చక్కెర 20 డిగ్రీల దగ్గర పులిసిపోతుంది.

చెడేది ఎక్కడో కూడా చెప్తాను. గుత్తులు ఎక్కువ చితికితే అది మామూలు రెడ్ తయారీ అయిపోతుంది, నాలుగు రోజుల్లో దానికి ఒళ్లు రాదు. మొదటి రోజు ట్యాంకులో గాలి మిగిలితే ఎసిటిక్ బ్యాక్టీరియా దూరి నెయిల్ పాలిష్ వాసన తెస్తుంది. అందుకే జాగ్రత్తపరులు గుత్తులు వేసేముందే సిలిండర్ పెట్టి గ్యాస్ నింపుతారు. వేడి 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలి, వైన్ పులుపెక్కుతుంది.

గామే గుత్తి

పంతులు గారు చెప్పింది పుస్తకంలో పద్ధతి. పెద్ద వ్యాపారులకు పోయే సరుకులో చాలా భాగం ఈ దారిన రాదు. పండును 65–70 డిగ్రీలకు కొన్ని గంటలు వేడిచేసి, పిండి, రసాన్ని వైట్ వైన్‌లా పులియబెడతారు. రంగు గాఢంగా దిగుతుంది, టానిన్ (నోటికి వగరు తెచ్చేది) దిగదు, ఎవరి తోట పండైనా ఒకే క్యాసిస్ (బ్లాక్‌కరెంట్) వాసన. కుళ్లు పట్టిన ఏడాది ఇది నిజంగా అక్కరకొస్తుంది, రంగును తినేసే లాకేజ్ ఎంజైమ్ ఆ వేడికి చచ్చిపోతుంది కాబట్టి. శుభ్రమైన పంటకీ అదే చేస్తేనే నాకు మంట.

అయినా పండగ ఆపమనడం రైతు జేబు చూడకుండా మాట్లాడటం. నూవో డబ్బు ఆ ఏడాదే చేతికొస్తుంది. క్రూ అయితే సీసా కావడానికే వసంతం దాటాలి, అమ్ముడు పోవడానికి ఇంకా ఎన్నాళ్లో. కోత కూలీలకీ, సీసాలకీ, కార్కులకీ ఆ మధ్యలో ఎవరిస్తారు? పైగా క్రూ పేరుతో నూవో అమ్మే హక్కే లేదు, బోజొలే, బోజొలే విలాజ్ పేర్లకే ఆ అనుమతి. కాబట్టి మోర్గన్ ఏదో పాడైపోతోందన్న బెంగ అక్కర్లేదు.

మనం కొత్త బియ్యంతో పొంగలి వండుకుని, పులిహోరకి పాత బియ్యం తీస్తాం. ఏ వంటకి ఏది అన్నదే లెక్క.

జపాన్ తెలుగోడు

నూవోకి విదేశాల్లో అతిపెద్ద మార్కెట్ మా దగ్గరే. విడుదల ఎక్కడికక్కడ స్థానిక అర్ధరాత్రి లెక్క కాబట్టి ఫ్రాన్స్ కంటే ఎనిమిది గంటల ముందే ఇక్కడ మూత తీస్తారు. దానికోసం సరుకంతా విమానంలో! 750 మిల్లీలీటర్ల వైన్‌కి గాజు సీసా బరువే దాదాపు అరకిలో. ఆ గాజుకి కూడా విమాన చార్జీ కట్టేది కొనేవాడే. అందుకే ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. రుచి గొడవ మీరు తేల్చుకోండి. నన్నడిగితే ఓడలో జనవరిలో వచ్చినా వైన్‌కి వచ్చే నష్టం లేదు, పోయేది మొదటి రాత్రి గొప్పే.

రాతినేల

గుత్తి గారూ, క్రూ పేరు లేబుల్ మీద పాడవలేదు, మనుషుల మనసులో పాడైంది. కాదంటారా? సరే, డబ్బు మాట ఒప్పుకుంటాను. అయితే తేదీ సంగతి చెప్పండి. 2003లో వడగాలికి ఆగస్టు నడిమికే కోత మొదలైంది. 2013లో సెప్టెంబర్ రెండో సగం దాకా ఆగారు. నెల పైన తేడా. విడుదల మాత్రం రెండేళ్లూ ఆ మూడో గురువారమే. ఆలస్యమైన ఏడాది మాలోలాక్టిక్ (మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చే రెండో పులియడం) పూర్తి కాకుండా సీసాలో పోస్తే లోపల గ్యాస్ పుడుతుంది, వైన్ నాలుక మీద సోడాలా చురుక్కుమంటుంది. అది జరక్కుండా 0.45 మైక్రాన్ ఫిల్టర్ పట్టించి సల్ఫర్ దంచితే, పారడీ రసంలో ఉన్న సువాసన సగం ఫిల్టర్‌లోనే పోతుంది.

పీపాల పంతులు

తేదీ దేవుడు రాసింది కాదు. 1951కి ముందున్న నియమం డిసెంబర్ 15 దాకా ఆగమంది. ఆ ఏడాది నవంబర్‌లో ముందే అమ్ముకోవడానికి అనుమతి వచ్చింది. 1967 నుంచి నవంబర్ 15 ఖాయమైంది. ఆ తేదీ ఆదివారం పడితే లారీలకీ షాపులకీ ఇబ్బందని 1985లో మూడో గురువారానికి మార్చారు. అంతా రవాణా లెక్క. కావాలంటే మళ్లీ మార్చొచ్చు.

కానీ ఆలస్యమైన ఏడాదికి మందు లేదనకండి. ఈస్ట్‌తో పాటే మాలోలాక్టిక్ బ్యాక్టీరియా కూడా వేసి, ట్యాంకు 20 డిగ్రీలకు తగ్గకుండా చూస్తే రెండు పులియడాలూ దాదాపు కలిసే పూర్తవుతాయి. మొదట్లో సల్ఫర్ ఎక్కువ పోయకూడదు, పోస్తే ఆ బ్యాక్టీరియా లేవదు. అప్పటికీ తెమలని ట్యాంకును నూవో లెక్కలోంచి తీసి మామూలు బోజొలేగా వసంతంలో అమ్ముకోవాలి. ఆ మాట చెప్పే ధైర్యం ఆర్డర్ పుస్తకం నిండినవాళ్లకి ఉండదు, అదీ అసలు జబ్బు.

ఇటలీ వాళ్ల కొత్త వైన్ నోవెల్లోకైతే కార్బానిక్ మాసరేషన్ కనీసం 40 శాతం ఉండాలన్న నియమం ఉంది. బోజొలే వాళ్లు నూవో లేబుల్ మీద 'వేడి చేసినది' అని రాయించినా చాలు, సగం గొడవ తీరుతుంది.

కొత్త సభ్యుడు

చర్చ మధ్యలో అడ్డొస్తున్నాను, మన్నించండి. నూవో సీసా ఒకటి కానుకగా వచ్చింది. ఎలా తాగాలి? దాచుకోవచ్చా?

గామే గుత్తి

12, 13 డిగ్రీలు. ఫ్రిజ్‌లో ఉంటే అరగంట ముందు బయటపెట్టండి. మన ఊళ్ల గది వేడిలో ఉంటే గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చగా తాగితే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, మరీ చల్లగా తాగితే వాసనే తెలీదు. టానిన్ తక్కువ కాబట్టి కారం తగిలినా చేదెక్కదు, కోడి వేపుడు పక్కన భేషుగ్గా ఉంటుంది. ఈస్టర్ లోపు తాగేయండి. లేబుల్ మీద విలాజ్ అనీ, సొంత తోటలోనే సీసాలో నింపినట్టూ ఉంటే ఏడాది ఆగినా ఫరవాలేదు.

రాతినేల

సీసాలో సగం మిగిలితే మర్నాడు వాసన చూసి ఇక్కడ రాయండి. అరటిపండు ఒక్కటే మిగిలిందంటే పంతులు గారి 71బి, స్ట్రాబెర్రీ ఇంకా ఉంటే ఆ తోట పేరు చెప్పండి, నేనూ కొంటాను.